నిండుగా కనిపించిన కొట్టు

ఆ ఆదివారం పొద్దున అరసవల్లి గుడి వీధిలో కొట్టు తలుపులు తీసేటప్పటికి అప్పలసూరి చేతిలో ఉన్నవి నూట పద్దెనిమిది కొబ్బరికాయలు, గల్లాపెట్టెలో మూడు వందల నలభై రూపాయలు, ఇరవై రెండేళ్లుగా సంపాదించుకున్న పేరు. మొదటి రెండూ కలిపినా మూడు వేలకు మించవు. మూడోదాని మీదే ఇల్లు నడుస్తోంది.

కరోనా రెండోసారి వచ్చాక గుడికి జనం రావడం పడిపోయింది. ఒకప్పుడు ఒక్క ఆదివారమే ఎనిమిది వందల కాయలు అమ్మిన కొట్టులో ఇప్పుడు వారానికి అరవై పోతే గొప్ప. అయినా అతను ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించి, వాటి చుట్టూ, పైనా కాయలు పేర్చి నడుమెత్తు గుట్ట నిలబెట్టేవాడు. బోసిపోయిన కొట్టుకి ఎవడూ అరువు సరుకు దింపడు. కవిటి నుంచి కాయలు పంపే చినబాబును ఐదు వందల కాయలు అరువడిగి అప్పటికి నాలుగు రోజులైంది. కబురు లేదు.

పది గంటలకి మాస్కు పెట్టుకున్న ఒకాయన స్కూటరు ఆపి, కాయ ధర అడిగి, కొట్టంతా కలయజూశాడు.

"వ్యాపారం ఎలా ఉందండీ? లాక్‌డౌన్‌లో బాగా దెబ్బ తిన్నారేమో?"

చినబాబు పంపిన మనిషే అనుకున్నాడు అప్పలసూరి. అరువిచ్చే ముందు కొట్టు చూసి రమ్మని మనిషిని పంపడం ఆ వ్యాపారంలో మామూలే.

"దెబ్బేటండి బాబూ! రోజుకి రెండొందల కాయ పోతాది. ఆ గుట్ట సూడండి, సాయంత్రానికి ఉంటే ఒట్టు."

"అయితే ఇంట్లో ఇబ్బందేమీ లేదు."

"ఏటిబ్బంది? మా పిల్ల ఇశాపట్నంలో నర్సింగు సదువుతున్నాది. ఫీజెంతన్నా ఎనకాడే రకం కాదండి మనం."

ఆయన తలూపి, బేరమాడకుండా రెండు కాయలు కొనుక్కుని వెళ్లిపోయాడు. పని జరిగిపోయిందని అప్పలసూరి మురిసిపోయాడు.

గురువారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లేసరికి ఆన్‌లైను క్లాసులని ఇంట్లోనే ఉంటున్న కూతురు ఝాన్సీ ఫోను పట్టుకుని గడపలోనే నిలబడి ఉంది.

"నాన్నా, ఆదివారం కొట్టుకి ఎవరైనా వచ్చినారా?"

"వచ్చినాడు. సినబాబు మనిషి. ఆడికి సెప్పాల్సిన మాటలు సెప్పి పంపినాను. ఇంక సరుకు దిగకపోతే నన్నడుగు!"

"ఏటి సెప్పినావు?"

అతను ఒక్క మాటా వదలకుండా చెప్పాడు. ఝాన్సీకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

"ఆయన సినబాబు మనిషి కాదు నాన్నా. కరోనాలో రాబడి పోయిన ఇళ్ల పిల్లలకి ఫీజు కట్టే ట్రస్టాయన. నలభై రెండు వేలు ఇస్తారు, తిరిగి ఇయ్యక్కర్లేదు. నేనే దరఖాస్తు పెట్టినాను. ఫోన్ చేసి వస్తారనుకున్నాను. ఇదిగో, 'కుటుంబ వ్యాపారం బాగా సాగుతున్నందున సాయం మంజూరు చేయలేము' అని పంపినారు. ఇరవయ్యో తారీకు లోగా కట్టకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు."

అప్పలసూరి భోజనం మాటే మర్చిపోయాడు. "నాకో మాట సెప్పొద్దేటే?"

వంటింట్లోంచి అతని భార్య నీలవేణి వచ్చింది. "సెప్తే ఏటి సేద్దువు మావా? రాబడి లేదని కాగితం మీద సంతకం పెడుదువా? రేషను బియ్యం కూడా పట్టపగలు తేవద్దన్నోడివి. నాన్నకి సెప్పకే అని నానే అన్నాను."

"పేరు పోతే సరుకు రాదే..."

"పేరెక్కడికీ పోలేదు నాన్నా. ట్రస్టోళ్ల దగ్గర కూడా గట్టిగానే ఉన్నాది," అంది ఝాన్సీ.

అతను కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని ఆ కబురు వచ్చిన నంబరుకి చేశాడు. "బాబూ, ఆ గుట్ట లోపల ఉత్త పెట్టెలండి. నా దగ్గర ఏటీ లేదు." ఇరవై రెండేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

అవతలి మనిషి కసురుకోలేదు. "కాదన్నాక అందరూ ఇలాగే అంటున్నారండి. నేను కళ్లారా చూసి రాశాను. ఉన్న డబ్బంతా నిన్ననే మిగతా పిల్లలకి మంజూరైపోయింది. ఏమీ అనుకోకండి," అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం అప్పలసూరి అప్పు కోసం బజారులో ముగ్గురి కొట్లెక్కాడు. "నీకప్పేటి సూరీ! నువ్వే మాకియ్యాల," అని ముగ్గురూ నవ్వారు. ధర్మేంద్ర అనే పూలవ్యాపారి టీ కూడా తాగించాడు. ఇరవయ్యో తారీకు వచ్చింది, వెళ్లిపోయింది.

చినబాబు సరుకు మాత్రం దిగింది. కొట్టు చూడ్డానికి ఎవర్నీ పంపలేదట, పాత నమ్మకం మీదే ఎత్తించాడట. ఐదు వందల కాయల్లో తొంభై కుళ్లాయి. మిగిలినవాటి మీద లాభం ఆ నష్టానికే సరిపోయింది.

ఝాన్సీ శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి చేరింది. జీతం ఏడు వేలు. తిండికి పోగా నెలకి రెండు వేలు దాస్తే ఫీజుకి ఇరవై ఒక్క నెలలు. ఈలోగా ఫీజు పెరుగుతుంది, సీటు ఎవరి కోసమూ ఆగదు. ఎటు నుంచి వేసినా ఆ లెక్క తేలలేదు. వ్యాపారి కాబట్టి తేలదని అప్పలసూరికి మిగతావాళ్ల కంటే ముందే తెలిసిపోయింది.

నెల తర్వాత ఓ ఆదివారం సాయంత్రం పని నుంచి వస్తూ ఝాన్సీ కొట్టు మెట్టు మీద కూర్చుంది.

"ఎన్ని పోయినాయి నాన్నా?"

'బోలెడు' అనబోయి ఆగాడు. "పదకొండు."

"రేపో?"

"రేపు సోమారం కదమ్మా. ఇంకా తగ్గుతాది." తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. "నీ సదువు నానే అమ్మీసుకున్నాను."

ఝాన్సీ కాదనలేదు. పక్కకి జరిగి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "నేను కూడా నీకు సెప్పాల్సింది నాన్నా. రేపు కూర మానీసి చారు పెట్టుకుందాం, పద."

పోయినవి నలభై రెండు వేలు, ఒక సీటు, కూతురి రెండేళ్ల చదువు. వచ్చింది, ఆమె దగ్గర అబద్ధమాడక్కర్లేని ఒక సాయంత్రం. దాంతో ఫీజు కట్టడం కుదరదు.