పలకకూడని పేరు

గేటు ముందు తెల్లకారు ఆగింది. డల్సీ ఒళ్ళో పడుకున్న ఆరేళ్ళ మనవరాలిని పొదివి పట్టుకుంది. వెనక ఇంటికి తాళం. మూడు వారాల క్రితం అక్క ఆ ఇంట్లోనే పోయింది. ఆత్మ కదిలి వెళ్ళిపోవాలని ఆకులతో ఊడ్చి, పొగ వేసి, అందరూ చెట్టు నీడకు వచ్చేశారు. ఎవరు పోయినా ఈ ఆస్ట్రేలియా ఎడారి ఆదివాసులు చేసేది అంతే.

కానీ పోయినవారం పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి వచ్చిన బ్రిడ్జెట్, ‘ఇల్లుండగా పిల్లను ఆరుబయట పడుకోబెడుతున్నారు’ అని రాసుకుంది. తర్వాత పాప పేరడిగింది. పాపకు పెట్టింది అక్క పేరే! పోయినవారి పేరు పలకకూడదు, ఆ పేరున్న వాళ్ళందరినీ ఇక కుమంజయి అనాలి. డల్సీ అదే చెప్పింది. “మా కాగితంలో అలా లేదే!” అంటూ, ‘పిల్ల పేరు కూడా తెలియదు’ అని రాసేసింది బ్రిడ్జెట్. రాయడంలో ఆ అమ్మాయి చెయ్యి మహా చురుకు!

“పిన్నీ, మన పిల్లల్ని ఏం చెయ్యాలో కాన్‌బెర్రా పార్లమెంటులో మళ్ళీ చర్చట! పొద్దుట్నించీ రేడియోలో గొంతులు చించుకుంటున్నారు, పాపం,” అంది అక్క కూతురు రోస్లిన్, కారునే చూస్తూ.

“మనల్నేమైనా అడిగారా?”

“అడిగేస్తే ఇంక చర్చేముంటుంది?”

బ్రిడ్జెట్ దిగింది. “డల్సీ గారూ... పాపని తీసుకెళ్ళమని ఆర్డరొచ్చింది.”

డల్సీ కన్నకూతురు, పాప తల్లి, ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం ఆస్పత్రిలో మూత్రపిండాల మిషనుకు కట్టుబడిపోయి ఉంది. ‘నీ బిడ్డనీ పోగొట్టుకున్నానే’ అని దానికెలా చెప్పడం?... ఒక్కక్షణం రోస్లిన్ వైపు చూసింది.

“చెవులు మూసుకోవే తల్లీ! నన్ను క్షమించు...”

అక్క పేరు పలికేసింది! పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ఆ పేరు ఈ కథలోకి మాత్రం రాదు.

రోస్లిన్ చెవులు మూసుకునేలోపే వినేసింది. “అమ్మని పిలిచేశావా పిన్నీ! వెళ్ళిపోతున్నదాన్ని వెనక్కి పిలిచేశావా!...”

“నా మనవరాలి పేరు నాకు తెలుసమ్మా! విన్నావుగా, తెలుసు! రాసుకో!”

బ్రిడ్జెట్ కళ్ళు నిజంగానే చెమర్చాయి. “రాసుకుంటాను డల్సీ గారూ. కానీ... నిర్ణయం మంగళవారమే అయిపోయింది.”

“అమ్మమ్మా! అమ్మమ్మా!” పాప ముఖం కదులుతున్న కారు అద్దానికి అంటుకుపోయింది. డల్సీ ఎర్రదుమ్ములో పరుగెత్తింది. మలుపు దాకా పరుగెత్తింది. ఆ తర్వాత దుమ్ము కూడా అణిగిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి రోస్లిన్ పచ్చి ఆకులు కోసుకొచ్చి మళ్ళీ పొగ వేస్తోంది. పొగ ఆరాక వచ్చి పక్కన కూర్చుంది. పక్కబట్టల మధ్య పాప పడుకునే చోటు వదిలి, కాస్త ఎడంగా.

“పిన్నీ...”

“ఊఁ.”

“పిలిచావుగా, అమ్మ వచ్చే ఉంటుంది. పాపతోపాటు కారెక్కేసి ఉంటుందిలే.”