అరువిచ్చిన పాలపన్ను

వైద్య కళాశాలలో ఎముకల గదికి అతనే దిక్కు. విడివిడిగా వచ్చిన ఎముకలకు నంబర్లు వేసి, కీళ్ల దగ్గర సన్నటి రాగితీగ కట్టి, మనిషి ఆకారంలో నిలబెడతాడు. అందరూ అతన్ని ఎముకల మేస్త్రి అంటారు. పనితనం ఉన్నవాడే గానీ, ఒక్క మాట పడేరకం కాదు. ఆ గుణమే కొంప ముంచింది.

పోయిన ఏడాది ఓ ఏడేళ్ల పిల్ల అస్థిపంజరం కట్టాడు. ప్రతి ఎముక మీదా నల్లసిరాతో చిన్నగా 43 అని రాశాడు. అంతా కుదిరింది గానీ, పైదవడలో ముందుపన్ను ఒకటి లేదు. విభాగం పెద్దసారు ఏమంటారోనని, ఆ వారమే ఊడిన తన కూతురి పాలపన్ను మీదా 43 వేసి, ఆ ఖాళీలో జిగురుతో అతికించేశాడు.

"భలే కట్టావోయ్!" అన్నారు పెద్దసారు. మేస్త్రి మురిసిపోయాడు.

ఏడాది తిరిగింది. కూతురు బుడ్డిది, నిరుడు ఎత్తు చూసి గోడ మీద గీసిన పెన్సిలు గీత దాటలేదు. ఊడిన చోట పన్ను రాలేదు. రోజూ మోకాళ్లు పట్టుకుని ఒకటే ఏడుపు.

"ఎదిగే నొప్పులేలే" అన్నాడు.

"ఎదిగితే కదా!" భార్య కసిరింది. వెంటనే గొంతు తగ్గించింది. "డాక్టర్లేమో ఏం లేదంటారు. నాకు భయంగా ఉందండీ."

అతనికీ భయంగానే ఉంది.

ఓ సెలవు మధ్యాహ్నం, మిగిలిపోయిన పని ముగిద్దామని ఎముకల గది తెరిచాడు. ఎముకలకు పూసే వార్నిషు, ఫినాయిలు వాసన. దాని అడుగున ఇంకేదో... పచ్చిపాల వాసన.

టక్.

నలభై మూడో నంబరు మోకాలి దగ్గర తీగ తెగి వేలాడుతోంది. ఈ ఏడాదిలో నాలుగోసారి. తీగ నాసిరకమని ఇన్నాళ్లూ తిట్టుకుంటూ కొత్తది కడుతున్నాడు. ఈసారి ఎందుకో టేపు తీశాడు. తొడ ఎముక రిజిస్టరులో ముప్పై సెంటీమీటర్లు. టేపు మీద ముప్పై రెండు.

మళ్లీ కొలిచాడు. ముప్పై రెండే.

పిల్లల ఎముక చివర్లో మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఎండిన ఎముకలో ఆ పొర ఉండదు, వట్టి సందు మిగులుతుంది. ఆ సందులో వేలు పెట్టాడు. మెత్తగా తగిలింది. తడిగా... వెచ్చగా...

పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, పన్ను.

పట్టకారుతో లాగాడు. రాలేదు. ఊడిన పాలపన్నుకు వేరుండదు. దీనికి లోపల వేరు దిగినట్టుంది.

"నా బిడ్డది నాకిచ్చెయ్ తల్లీ..." గొణిగాడు.

ఊడొచ్చింది. ఆ వెంటనే బిగుతుగా ఉన్న తీగలన్నీ ఒక్కొక్కటే వదులై జారాయి.

పన్ను పిడికిట్లో పట్టుకుని ఇంటికి పరుగు. దారిలో విప్పి చూస్తే దాని మీద నంబరు లేదు. చెమటకు చెరిగిపోయిందనుకున్నాడు.

బుడ్డిది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తల గీతకు రెండు వేళ్లు పైన! భార్య ఏడుస్తూ నవ్వుతోంది.

"నొప్పి పోయింది నాన్నా!"

పిల్లను గుండెకు హత్తుకున్నాడు. ఏడాది బరువు దిగినట్టయింది.

"పన్ను కూడా వచ్చేస్తోంది. చూడూ..."

నోరు తెరిచింది. చిగురులోంచి కొత్త పన్ను తొంగిచూస్తోంది. తెల్లగా లేదు. వార్నిషు పూసినట్టు పసుపుగా మెరుస్తోంది. దాని మీద నల్లసిరాతో, చిన్నగా, అతని చేతిరాతలోనే... 43.