చంద్రుడి మీద మగ్గం

ఎమ్మిగనూరు బస్సు దిగి, ఆదోనిలో ఒక కంప్యూటర్ షాపు మెట్లెక్కేసరికి సుమతి తడిసి ముద్దయింది. కోపంలో గొడుగు ఇంట్లోనే మరిచింది.

"అనంత్ అంటే ఎవురు?"

"నేనే మేడం. జిరాక్సా?"

"జవాబు! 'చంద్రుడి మీద మగ్గం' నెట్లో పెట్టింది నువ్వేనా?"

అతని కళ్లద్దాల వెనక వెలుగొచ్చింది. పాత పత్రికలు స్కాన్ చేసి నెట్లో పెట్టడం అతనికి పిచ్చి. ఆ రాకెట్ కథ యాభై ఏళ్ల కిందటి చవక పత్రికలో దొరికింది.

"సిద్ధప్పగారు ఎంత గొప్ప రైటర్ మేడం! పాపం, కీర్తిశేషులు..."

"పొద్దున్నే రెండు ప్లేట్లు ఉగ్గాని తిన్న్యాడప్పా నీ కీర్తిశేషుడు! మా తాత!"

అనంత్ గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

"అది పోనీ. చంద్రుడి మీద చిక్కుకున్నోనికి రాకెట్లో పిల్లను పంపి, పెండ్లి చేసి, శుభం రాసిందెవురు?"

"చివరి పేజీ చినిగిపోయింది కదా. చదివేవాళ్లు బాధపడతారని నేనే..."

"యా పేజీ చినగలే! కథే అంత, వాన్ని ఆడనే ఇడిసి ఆపినాడు తాత! ఇన్నేండ్లకు కథ దొరికెనని తాతకు చదివి వినిపిస్తే, ఆఖర్న 'ఇది నాది కాదమ్మా' అని మొగం తిప్పుకున్న్యాడు. ఆయన పేరు కింద నీ రాత పెట్టేకి నిన్నెవురు అడిగినారు?"

అనంత్ షట్టర్ దించాడు. "పదండి. ఆయన ముందే తీసేస్తాను."

వాళ్లు ఎమ్మిగనూరు చేరేసరికి సిద్ధప్ప నేసిన చీరను మగ్గం నుంచి కోస్తున్నాడు. పడుగు దారాల కొసలు మాత్రం మగ్గానికే వదిలేశాడు.

"అవి కోయరా తాతా?" అనంత్ అడిగాడు.

"కోస్తే కొత్త పడుగు దేనికి అతికేది సామీ? మగ్గం బోసిగ పెట్టకూడదు. కథా అంతే. కొస ఇడిస్తే సదివినోడు అతుక్కుంటాడు."

"నేనూ అతికినానే!" అన్నాడు అనంత్ మెల్లగా.

"అతుకు. నీ పేరుతో అతుకు. నా పేరు కింద వద్దు."

అనంత్ అక్కడే ఫోన్లో ఆ పెళ్లీ, శుభమూ చెరిపేశాడు. 'కీర్తిశేషులు' తీసేసి, 'ఎమ్మిగనూరులో మగ్గం నేస్తున్నారు' అని రాశాడు. తాత ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకున్నాడు.

ఆ తరువాత ప్రతి ఆదివారం, తాత మిగతా కథలు రికార్డు చేయాలని అనంత్ వచ్చేవాడు. కళ్లు మాత్రం వంటింటి వైపుండేవి. అతను వచ్చినప్పుడల్లా సుమతి ఏదో ఒక తప్పు పట్టుకుని తిట్టేది. తిట్టడానికి తప్పు దొరకని రోజు ఆమెకు పొద్దుపోయేది కాదు.

ఒక సాయంత్రం వాన జోరుగా కురుస్తోంది. అనంత్ వీధిలోకి దిగాడు.

"ఓయ్, గొడుగు మరిచిపోతాండావు!"

"మరిచిపోలేదు సుమతీ. కొస వదిలినాను."

మగ్గం ముందు కూర్చున్న తాత దగ్గాడు. నవ్వునే దగ్గుగా మార్చాడు. "పిల్లోడు నేత నేర్సినాడు లేమ్మా."

సుమతి ముఖం చెవుల దాకా ఎర్రబడింది. గొడుగు తీసి, మగ్గం పక్క మేకుకు భద్రంగా తగిలించింది. ఆపైన వాకిట్లోకి ఉరికి వీధంతా వినబడేటట్టు అరిచింది.

"తడిసి జరమొస్తే ఆదివారం ఎట్లొస్తావప్పా? బుద్ధుందా నీకు!"