నీలిగీత

పళ్లు తోముకోకముందే అమ్మాజీ గాజుగొట్టంలో ఉమ్మి మూత బిగించింది. భర్త భావనారాయణ ఎదురుగా కూర్చుని చూశాడు. చూడాలని చట్టం. పంది మూత్రపిండం అమర్చిన భావనారాయణ లాంటి ‘అన్యాంగి’ ఇంట్లో నెలనెలా, జీవితాంతం జరగవలసిన తంతు అది. పంది కణాల్లో దాగిన వైరస్ ఏదైనా మేలుకుని అతని నుంచి ఆమెకు, ఆమె నుంచి ఊరికి పాకుతుందేమోనని ప్రభుత్వానికి అనుమానం. ఆ అనుమానం అతనికీ ఉంది. మూత్రపిండం అమర్చిన ఈ మూడేళ్లలో ఎప్పుడు తుమ్మినా, తుమ్మింది తానేనా అని ఒక్క క్షణం ఆగుతాడు.

నిఘా ఉద్యోగి యేసుపాదం గొట్టాన్ని ‘జాడదర్శిని’లో పెట్టాడు. పాత యంత్రం ప్రమాదకరమైన వైరస్‌ను మాత్రమే ఎర్రగీతగా చూపేది. ఈ నెల వచ్చిన కొత్తది, అన్యాంగుల లాలాజలంలో ఎప్పుడూ ఉండే నిరపాయమైన వైరస్‌ను కూడా నీలిగీతగా చూపుతుంది. ఒక మంచం, ఒక కంచం అయినవాళ్ల నోట్లోకి అది చేరక తప్పదు.

“అమ్మా, ఇది మీ ఉమ్మేనాండి?”

“కాకపోతే పక్కింట్లో అరువు తెచ్చానా?”

“కోప్పడకండి. ఎర్రగీత లేదు, సంతోషం. నీలిగీత కూడా లేదండి. నమూనా మార్చారని రాయాలి. ఆర్నెల్లు నిర్బంధకేంద్రంలో ఉంచుతారు మిమ్మల్ని.”

అమ్మాజీ మొహం పాలిపోయింది.

“రాసుకో బాబూ. ఈయన చూడకుండా మార్చేశాను.”

భావనారాయణ ఉలిక్కిపడ్డాడు. తాను రెప్ప వాల్చలేదు. ఆమె మార్చలేదు. మరి ఈ అబద్ధమెందుకు? ఉపవాసమంటూ విడిగా తినడం, మోకాళ్ల నొప్పులంటూ వేరే మంచం, తాను తాగిన గ్లాసును మరిగే నీళ్లలో వేయడం, అన్నీ ఒక్కసారిగా వరుసకట్టాయి. జైలుకైనా పోతానంటోంది గానీ, తనను దూరం పెట్టిన సంగతి తన చెవిన పడనివ్వదట.

“ఆ నమూనా ఆవిడదేనయ్యా. మూడేళ్లుగా నేనే దగ్గరికి రానివ్వలేదు. అలా రాయి.”

యేసుపాదం ఇద్దరివంకా చూశాడు. తల వంచుకుని రాశాడు. ఏ గీతా పడని ఇల్లు కనక ‘ఆదర్శ గృహం’ అని జాడదర్శిని ముద్రించిన పత్రం బల్లమీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

అమ్మాజీ అంది:

“భయమేసిందండీ. మీరంటే కాదు. మీ లోపలున్నదంటే.”

“నేనెక్కడ అయిపోతానో, అదెక్కడ మొదలవుతుందో మూడేళ్లుగా నాకే తెలియడం లేదు. నీకెలా తెలిసింది, అమ్మాజీ?”