టర్బోలో బూడిదరంగు పొడి

ప్రేమ్‌సాగర్ మెట్లెక్కి వచ్చేసరికి సత్యమ్మ చాయ్ గ్లాసులు కడుగుతోంది. వచ్చినవాడు నమస్తే కూడా పెట్టలేదు. సంకలో ఉన్న గోనెసంచిని బల్లమీద దించితే బల్ల కిర్రుమంది.

"డిటెక్టివ్ మేడం అంటే..."

"నేనే. కూసో. ముందుగాల నీళ్ళు తాగు," అంది నిరోషా.

వికారాబాద్‌లో ఒక జిరాక్స్ షాపు పైగదిలో ఆమె ఆఫీసు. అంతకుముందు చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున యాక్సిడెంటైన బండ్లు చూసిపెట్టే పని చేసింది. సత్యమ్మ ఆమెకు సహాయకురాలు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైంది. "మా నిరోషా కండ్లెర్రజేస్తే బోనెట్ దానంతటదే లేస్తది" అని కింద షాపులో అందరికీ చెబుతూ ఉంటుంది.

ప్రేమ్‌సాగర్ నీళ్ళు తాగాడు. సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"మోమిన్‌పేట్ రోడ్డుల నా షెడ్డు. టర్బోలు బాగుచేస్త. గా జాగ నర్సింహులు పటేల్‌ది. అయిదేండ్లు లేపనని నాకు మాటిచ్చిండు. ఇప్పుడు ఐతారం లోపల ఖాళీ చెయ్యమంటుండు. నేను మోసం చేసిన్నట."

"ఏం మోసం?"

"పటేల్ కారు టర్బో నేనే తిరగగట్టిన. పాత షాఫ్టు తీసి, కొత్త బేరింగులేసి, బ్యాలెన్సు పట్టిచ్చిన. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్. తాండూరుకు మంచిగనే పోయింది. తెల్లారి ప్రణవిని, అంటే పటేల్ మనుమరాలిని, పట్నంల పరీక్షకు తీస్కపోతుంటే అనంతగిరి ఘాటు మీద తెల్లపొగ కక్కి నిలవడ్డది. ఆ పిల్ల పరీక్ష పోయింది. పటేల్ తమ్ముని కొడుకు శ్రీకాంత్ టర్బో ఇప్పి చూపిచ్చిండు. లోపల పొడి. సఫా చేసేటప్పుడు నేను గాలిమిషన్‌తోని ఇసుక కొడ్త కదా, గా ఇసుకనే కడుగకుంట కట్టినవని వాట్సాప్‌ల పెట్టిండు. అప్పటిసంది ఒక్క బండి రాలే అక్కా."

మేడం ఎప్పుడు అక్క అయిందో అతనికే తెలియదు.

నిరోషా సంచి విప్పింది. నత్తగుల్లలాంటి రెండు డొల్లలు, మధ్యలో ఒక షాఫ్టు, దానికి చెరో కొసన చిన్న పంకా. బండి పొగ ఒక పంకాను తిప్పితే రెండోది ఇంజిన్‌కు గాలి పట్టిస్తుంది. సత్యమ్మకు అర్థమైంది అంతవరకే. గాలిపంకా రెక్కల అంచును నిరోషా వేలితో తడిమింది. అంచులు కొత్త బ్లేడులా ఉన్నాయి. ఇత్తడి బేరింగుల మీద మాత్రం దువ్వెనతో గీరినట్టు గీతలు. నూనె వచ్చే రంధ్రం మూలన బూడిదరంగు ముద్ద. దాన్ని పుల్లతో గీకి కాగితంలో కట్టింది.

నూనె గొట్టాన్ని టర్బోకు బిగించే బోల్టు కూడా సంచిలోనే ఉంది. ఆరు మూలల తల. మూలలు పైసగం నలిగి, కింది సగం నున్నగా ఉన్నాయి.

"దీన్ని దేంతోని బిగిస్తవు?"

"రింగు పానాతోని. మూల నలుగది. ఇది ఎవరు నలిపిండ్రో నాకు ఎరకలేదు. శ్రీకాంత్ ఇప్పినప్పుడు నేను లేను."

"ఫిల్టర్ కోసి చూసిండ్రా?"

"ఎవరు చూస్తరు? కారు ఘాటుకాడికెల్లి టోచెయిన్‌తోని గుంజుకొచ్చి నా షెడ్డుముందట్నే పడేసిండ్రు."

సాయంత్రం ఆ కారు ఆయిల్ ఫిల్టర్‌ను ప్రేమ్‌సాగర్ వాళ్ళ ముందే కోశాడు. లోపలి కాగితం మడతలన్నీ నిరోషా విప్పి చూసింది. నల్లనూనె తప్ప ఏమీ లేదు. వేలు వేలుకు రాసుకుంటే గరుకు కూడా తగల్లేదు.

"మరి పొడి ఏడికెల్లి వచ్చినట్టు బిడ్డా?" అంది సత్యమ్మ.

"తాండూరు పోదాం అత్తా."

* * *

సత్యమ్మ ఎక్కితే తాండూరు బస్సులో కిటికీ సీటు ఖాళీ అవుతుంది. కండక్టరు ఏసుదాసు ఆమె దగ్గర పని నేర్చినవాడు. నర్సింహులు పటేల్ డ్రైవరు బీరప్ప పేరెత్తగానే నవ్వాడు.

"రోజూ సందేళ నా బస్సే. పటేల్ ఇంటిగల్లీ ఇరుకని కారు శ్రీకాంత్ రాళ్ళ పాలిష్ కారఖానాల వెట్టి, బంట్వారం పోనీకె ఎక్కుతడు. కారు ఘాటు మీద నిలవడ్డ ముందురోజు గూడ ఎక్కిండు. చిల్లరకు నాతోని లొల్లి పెట్టుకున్నడు."

తాండూరు బస్టాండు దగ్గర హోటల్లో సత్యమ్మ నిమ్మసోడా తాగుతుంటే రాతిబల్ల మీద గ్లాసు ఒరిగింది. గల్లాపెట్టె దగ్గరున్న ఎంకమ్మ గుడ్డ పట్టుకుని ఉరికొచ్చింది.

"అవ్వా, జర సూస్కో! నిమ్మరసం పడ్తే మా తాండూరు రాయి పొంగి మచ్చ పడ్తది. మొన్ననే పాలిష్ పట్టిచ్చిన!"

"మీ రాయికి గింత నాజూకా?"

"నీలెక్క గట్టిది గాదవ్వా."

నిరోషా నవ్వలేదు. ఆ తడిమచ్చను వంగి చూసి, రెండు నిమ్మకాయలు కొని సంచిలో వేసుకుంది.

కంది మార్కెట్టు వెనక నర్సింహులు ఇల్లు. కందుల వ్యాపారంలో జుట్టు నెరిసిన మనిషి. గడప లోపలికి రమ్మనలేదు.

"జాగ కోసం మాట తప్పినననుకుంటున్నడా వాడు? నాకు జాగ ఎక్కువ గాదు. నా మనుమరాలు ఘాటు మీద బండి దిగి లారీలను చెయ్యెత్తి ఆపింది. ఒక్కడు ఆపలే. అమావాస్య పొద్దు కదులొద్దని నేనంటనే ఉన్న. పరీక్షకు అమావాస్య ఎరికనా?"

"బండిల ఎవరెవరున్నరు పటేలా?"

"నేను, ప్రణవి, బీరప్ప. శ్రీకాంత్ గూడ పట్నం రావాల్సిందే. పొద్దున ఫోన్ చేసి, రాళ్ళ లారీ లోడయితుంది పెద్దనాయినా, మీరు పోండ్రి అన్నడు."

బీరప్ప అరుగు మీదే ఉన్నాడు. అడగకముందే అందుకున్నాడు.

"నా మీద అనుమానమా? ప్రేమ్‌సాగర్ చెప్పిండా? అవును, ఇంజిన్ చాలు చెయ్యంగనే రేస్ ఇయ్యకు అని నన్ను పదిమందిల తిట్టిండు. నాకు కోపం వచ్చింది. వస్తే? నా పానం మీదికి నేను తెచ్చుకుంటనా? ఎన్కకు జారుతుంటే బ్రేకు మీద నిలవడ్డ!"

శ్రీకాంత్ కారఖానాలో మిషన్లు అరుస్తున్నాయి. రాళ్ళ మీద నీళ్ళు, నేలంతా బూడిదరంగు బురద. ఎండినచోట అదే పిండిలాంటి పొడి. శ్రీకాంత్ బయటికి పోయాడని రాతిపలకలు మోసే ఒకామె చెప్పింది. సత్యమ్మ ఆమె పక్కన కూర్చుని ఆకు, వక్క ఇచ్చింది.

"ఏంది చెల్లె, రెస్టు ఉండదా మీకు?"

"అమావాస్యకొక్కటే. ఆ పొద్దు రాయి ముట్టం, లోడు ఎత్తం. తాళమేసుకొని సేటు ఒక్కడే ఉంటడు."

గోడకు కొట్టిన మొలకు వేలాడుతున్న పానా ఒకటి సత్యమ్మ చేతికి తగిలింది. "అయ్యో, గిదేంది అప్పడం లెక్క ఇంత పల్చగున్నది!"

"చేతిమిషన్ డిస్కు మార్చేది. చెడిపోతే మా సేటే ఇప్పి బాగుచేస్తడు. మెకానిక్‌ను పిలువడు."

నిరోషా దోసెడు ఎండుపొడి కాగితంలో కట్టుకుంది. తిరుగు బస్సులో సత్యమ్మ ఊరుకోలేకపోయింది.

"ఎవరో తెల్సిందా బిడ్డా?"

"నీకు గూడ తెల్సింది అత్తా. అన్నీ ఒక్కకాడ ఇంకా కుప్ప వొయ్యలే, గంతే."

* * *

గడువుకు ఒకరోజు ముందు, శనివారం, అందరూ ప్రేమ్‌సాగర్ షెడ్డులో కూడారు. నర్సింహులు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. శ్రీకాంత్ ఫోన్ చూసుకుంటున్నాడు. బీరప్ప గుమ్మానికి ఆనుకున్నాడు. సామాన్లు మూటలు కట్టి ఒక మూలన ఉన్నాయి. ప్రేమ్‌సాగర్ వాటివైపు చూడకుండా నిలబడ్డాడు.

నిరోషా మూడు స్టీలు గిన్నెలు వరుసగా పెట్టింది.

"మొదటిదాంట్ల ప్రేమ్‌సాగర్ కొట్టే ఇసుక. ఇగో, ఈ డబ్బాలదే, మీరే చూడుండ్రి. రెండోదాంట్ల తాండూరు రాతిపొడి. మూడోదాంట్ల ఈ టర్బోల దొరికింది. నూనె పోయేదాంక పెట్రోలుతోని కడిగి ఆరవెట్టిన."

నిమ్మకాయ కోసి మూడింట్లోనూ పిండింది. ఇసుక తడిసి ఊరుకుంది. రాతిపొడి సుయ్యిమని నురుగు పొంగింది. మూడో గిన్నె కూడా పొంగింది.

నర్సింహులు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇది మా ఊరి రాయి!"

"అందుట్ల వింతేమున్నది?" అన్నాడు శ్రీకాంత్. "తాండూరు గాలి నిండ రాతిపొడే. బండి పీల్చుకున్నది."

"గాలితోని వస్తే ముందుగాల గాలిపంకా రెక్కలు అరగాలె. ఇవి చూడు, వేలు తెగేటట్టున్నయి. అరిగినయి నూనెలో తిరిగే బేరింగులు."

"అయితే నూనెల కలిసింది. ఆయిల్ మూత తీసినప్పుడు ఈయనే పోసుకున్నడేమో."

"మూతల పోస్తే నూనె ఫిల్టర్ దాటినంకనే టర్బోకు పోవాలె. ఫిల్టర్ల పొడి ఉండాలె. మొన్న కోసినం. ఒక్క రవ్వ లేదు." నిరోషా బోల్టును అరచేతిలో పెట్టి చూపించింది. "అంటే పొడి ఫిల్టర్ దాటినంక పడ్డది. నూనె గొట్టం బోల్టు ఇప్పి, టర్బో నోట్లనే పోసిండ్రు. మల్ల బిగిచ్చిండ్రు. ప్రేమ్‌సాగర్ రింగు పానా వాడ్తడు, మూల నలుగది. దీని మూలలు పైసగమే నలిగినయి, అంటే పట్టిన పానా పల్చటిది. గింత పల్చటి పానా బండ్ల మెకానిక్‌లకాడ ఉండదు. రాళ్ళ పాలిష్ కారఖానాల గోడకు మొలకు ఉంటది."

"టర్బో నేనే కదా ఇప్పింది? గా మూలలు అప్పుడే నలిగుంటయి!"

"బానే ఉన్నది. పానా నీదేనని ఒప్పుకున్నవు. ఇగ పొడి సంగతి. కారు రాత్రి నీ కారఖానాల ఉన్నది."

శ్రీకాంత్ బీరప్పవైపు చెయ్యి చాపాడు. "కారు పెట్టింది వాడు. అడుగుండ్రి వాన్ని!"

"ఓ అయ్యా!" బీరప్ప గుమ్మం వదిలి వచ్చాడు. "తాళం చెవి నీ జేబుల వెట్టుకొని నన్నంటవా?"

"బీరప్ప సందేళనే బస్సెక్కిండు, కండక్టరు చూసిండు. ఇంకోటి, టర్బో చెడగొట్టినోడు తెల్లారి అదే బండిని ఘాటు ఎక్కియ్యడు. ఎక్కేది ఉండి కూడా ఎక్కకుంట ఆగిపోతడు." నిరోషా గొంతు పెంచలేదు. "శ్రీకాంత్, ఆ పొద్దున నువ్వెందుకు రాలే?"

"చెప్పిన కదా! లారీ లోడు ఉండె."

"ఏ పొద్దు?"

"పరీక్ష పొద్దున్నే..."

సత్యమ్మ ఇంక ఆగలేకపోయింది. "అమావాస్య నాడు నీ కారఖానాల రాయి ముట్టరు గద నాయినా! లారీల ఏమెత్తినవు, గాలినా?"

బయట మోమిన్‌పేట్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నర్సింహులు మెల్లగా తలతిప్పి తమ్ముని కొడుకును చూశాడు.

"రోడ్డుమీది జాగ," అన్నాడు శ్రీకాంత్. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "పలకల దుకాణం పెట్టుకుంట అంటే, మాటిచ్చిన అని గదే పాట పాడితివి. నువ్వు మాట తప్పవు. ఈయన తప్పు చేస్తేనే లేపుతవు. బండి ఊరి పొలిమేర దాటకముందే ఆగుతదనుకున్న పెద్దనాయినా. ఘాటుదాంక పోతదనుకోలే. ప్రణవికి గట్లయితదని..."

"నువ్వు ఆ బండెక్కలే," అన్నాడు నర్సింహులు.

శ్రీకాంత్ బయటికి నడిచాడు. తాండూరు బస్సు కోసం రోడ్డు దాటాడు.

నర్సింహులు మూలనున్న మూటల దగ్గరికి పోయి ఒకదాని ముడి విప్పబోయాడు. వేళ్ళకు పట్టు దొరకలేదు. ప్రేమ్‌సాగర్ వచ్చి విప్పాడు.

"ఊరంత నిన్ను దొంగను చేసినం," అన్నాడు పెద్దాయన. "వాట్సాప్‌ల తప్పయిందని శ్రీకాంత్‌ను పెట్టమంట."

"వద్దు పటేలా. అది ఎవరు చదువుతరు?" ప్రేమ్‌సాగర్ షాఫ్టును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది పోయింది. కొత్తది తెప్పియ్యాలె. మిగిలింది మల్ల కడ్త. నువ్వు నమ్మి ఇస్తనంటేనే."

నర్సింహులు తన కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని షెడ్డు బయటికి తెచ్చి, రోడ్డుకు ఎదురుగా, ఎండలో వేసుకుని కూర్చున్నాడు. మార్కెట్టుకు పోయే ట్రాలీలవాళ్ళు, ట్రాక్టరువాళ్ళు, బంట్వారం నుంచి వచ్చే ఎరిగినవాళ్ళు ఆయన్ను చూసి బండి నెమ్మది చేస్తున్నారు.

"ఏంది పటేలా, గీడ కూసున్నవు?" అని ఒకాయన కారాపి అడిగాడు.

"బండి చేయించుకుంటున్న," అన్నాడు నర్సింహులు గట్టిగా. "మంచిగ చేస్తడు. నీది గూడ పొగ కొడుతున్నది గదా, దింపు."