ఎడమచేతి యువరాజు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో సామ్రాజ్యాలు కూలిన దాఖలాలు లేవు. కాని ఆ ఆదివారం సాయంత్రం, ఇంటి ప్రార్థన ముగిసి టీలు అందుతున్న శుభసమయాన, ఆషర్ అనే యువకుడి పరువు మాత్రం ఒక కప్పుతో సహా నేలపాలయింది.

"ఎడమ చేత్తో ఇస్తవేందిరా?" అంది జ్ఞానమణి, చీర కుచ్చిళ్ళ మీద పడ్డ టీ దులుపుకుంటూ. "పెద్దదాన్నని సుత లేదా?"

"సారీ ఆంటీ. ప్రాక్టీస్ చేస్తున్న."

"ఏం ప్రాక్టీస్? నన్ను పరేషాన్ చేసుడా?"

గోడకానుకుని నిలబడ్డ ఆమె కూతురు షెకీనా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కోసం ఆషర్ చిన్ననాటి నుంచి ఎన్ని కప్పులైనా బలి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాడే. అయితే ఆ నవ్వు ముగియకముందే ఆమె చూపు అతణ్ణి వదిలి, ఎదుటి కుర్చీలో గిటారు సవరించుకుంటున్న ఎలీషా మీద వాలింది. వాలి ఊరుకోక, అక్కడ కాసేపు బస చేసింది.

ఎలీషా చర్చి గాయకబృందంలో గిటారు వాయిస్తాడు. తక్కిన గిటారులన్నీ ఒక దిక్కు చూస్తే, అతని గిటారు ఇంకో దిక్కు చూస్తుంది. ఎందుకంటే అతడిది పుట్టుకతో వచ్చిన ఎడమచేతి వాటం. ఆషర్ దుఃఖానికి మూలకారణం ఆ చెయ్యే.

ఆ దుఃఖచరిత్ర బోధపడాలంటే 'కందూరు కోట' గురించి చెప్పుకోవాలి. అది పిల్లాపాపలతో చూడదగ్గ రాజుల సినిమా. అందులో యువరాజు ఉదయసేనుడు ఒక్కణ్ణీ చంపకుండా, ఒక్క ముద్దూ పెట్టకుండా, ఒక ముసలి ఏనుగు సాయంతో రాజ్యాన్నీ రాకుమారినీ గెలుచుకుంటాడు. వేసవి సెలవులు వచ్చాయంటే క్వార్టర్ల మైదానంలో తెల్లగుడ్డ కట్టి అదే సినిమా వేసేవారు. వేరేది వెయ్యమని అడిగే ద్రోహి ఆ కాలనీలో పుట్టలేదు.

ఆ సినిమా చూసి పెరిగిన షెకీనా, పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నవ్వుతూ ఒకే జవాబు చెప్పేది. "నాకు ఉదయసేనుడే కావాలె. కోట గుమ్మంల నిలబడి ఎడమ చేత్తో కత్తి తీస్తడు చూడు, గట్ల తీసేటోడు."

ఇన్నేళ్ళూ ఆషర్ దాన్ని పరిహాసంగానే తీసుకున్నాడు. పరాయి చెయ్యి ఒకటి రంగప్రవేశం చేశాక అది పరిహాసంగా తోచలేదు. పోయిన నెల ఎలీషా తల్లిదండ్రులు షెకీనాను తమ కొడుక్కి ఇమ్మని అడిగారు. షెకీనా అవునని గాని కాదని గాని అనకుండా, "సికింద్రాబాద్‌ల 'కందూరు కోట' మళ్ళ వేస్తున్నరంట. ఒకసారి చూసినంక చెప్తా" అంది.

అందరూ అది వాయిదా అనుకున్నారు. ఆషర్ ఒక్కడే అది తీర్పు అని గ్రహించాడు. తెర మీది చేతిని, గిటారు మీది చేతిని పోల్చి చూసుకోవడానికే ఈ గడువు!

అప్పుడు మొదలైంది అతని దండయాత్ర. ఎడమ చేత్తో పళ్ళు తోముకున్నాడు, చిగుళ్ళు ఎదురుతిరిగాయి. బేగంపేట ఆఫీసులో మౌస్‌ను ఎడమకు మార్చాడు. సగం రాసిన మెయిల్ మేనేజరును చేరుకుంది. చర్చిలో చందాసంచిలో ఎడమ చేత్తో నోటు వేశాడు. సంఘపెద్ద చూసిన చూపులో పాత నిబంధన కాలపు ఆగ్రహమంతా కనిపించింది. తండ్రి నోవహు రైల్వేలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన ఒక రాత్రి అన్నం దగ్గర కొడుకును చూసి చూసి, "కరెంట్ షాక్ గిట్ల తగిలిందార బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

అసూయ కూడా ఒక రకమైన షాకేనని ఆషర్ తండ్రికి చెప్పలేకపోయాడు.

సినిమా రోజు వచ్చింది. ఆకాశం రాజ్యాభిషేకానికి కలశాలు బోర్లించినట్టు వాన కురిపించింది. అందరూ తడుస్తూనే థియేటరు చేరారు. వరుసలో మొదట ఎలీషా, అతని పక్కన షెకీనా, ఆమె పక్కన కోటగోడలా జ్ఞానమణి, ఆ గోడకు ఇవతల ఆషర్. ఇంతకన్నా పకడ్బందీ వ్యూహాన్ని ఉదయసేనుడి శత్రువులు కూడా పన్నలేదు.

ఎలీషా ఎడమ చేత్తో పాప్‌కార్న్ అందించాడు. జ్ఞానమణి చిరునవ్వుతో తీసుకుంది.

"ఇప్పుడు పెద్దదాన్నని లేదా ఆంటీ?" ఆషర్ ఆగలేక ఆమె చెవిలో గొణిగాడు.

"ఆయనది పుట్టుకతో వచ్చిన చెయ్యిరా. నీది పోయేకాలం వచ్చిన చెయ్యి."

తెర వెలిగింది. కోట వచ్చింది, ఏనుగు వచ్చింది. గుమ్మంలో ఉదయసేనుడు నిలబడ్డాడు. డోళ్ళు మోగాయి. యువరాజు చెయ్యి ఒర మీదికి సాగింది.

కుడి చెయ్యి.

"అదేంది!" అన్నాయి రెండు గొంతులు ఒకేసారి.

"ఉల్టా వేసిండ్రు!" షెకీనా సగం లేచింది. "ఎడమ చేత్తో గదా తీస్తడు!"

"అవు, ఎడమ చెయ్యే!" ఆషర్ పూర్తిగా లేచాడు. "నా కళ్ళతోని చూసిన!"

వెనక సీట్లవాళ్ళు బుస కొట్టారు. జ్ఞానమణి ఇద్దరినీ చెరొక చేత్తో కిందికి లాగింది. "పిచ్చి లేసిందా మీకు? ఎప్పుడు చూసినా కుడి చేత్తోనే తీసిండు. ముందట చాప ఏసుకొని కూసున్న నాకు తెల్వదా?" అని, ఏదో తట్టి ఆగింది. "ఓహో. మీరిద్దరు తెర ఎనక కూసునేటోళ్ళు గదా."

నిజమే. మైదానంలో గాలికి గుడ్డ తెర ఎగిరిపోకుండా వెనక గుంజకు తాడు కట్టి, దాన్ని లాగి పట్టుకోమని నోవహు తన కొడుకును కూర్చోబెట్టేవాడు. తెర వెనక నుంచి చూస్తే బొమ్మంతా తిరగబడి కనిపిస్తుంది. టైటిళ్ళలో అక్షరాలు తిరగబడ్డాయని వాటిని వెనక నుంచి చదవడంలో పోటీలు పడ్డ ఆ పండితులిద్దరికీ, అక్షరాలతోపాటు యువరాజు కూడా తిరగబడి ఉంటాడని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

"ముందట జాగా ఉంచి పిలిస్తే సుత రాకపోతుండె ఈ పిల్ల," జ్ఞానమణి గొణుగుడు ఆగలేదు. "దోమలు పీక్క తింటున్నా కదలకపోతుండె. ఏముండెనే అక్కడ?"

చీకట్లో బొట్టు బొట్టుగా ఆషర్‌కు లెక్క తేలసాగింది. తెర వెనక ఏముండేది? ఒక గుంజ. ఒక తాడు. దోమలు. ఆ తాడు పట్టుకున్న ఒక మొద్దు పిల్లాడు.

విశ్రాంతి సమయాన వరండాలో వాన చూస్తూ నిలబడ్డ షెకీనా దగ్గరికి అతడు చేరాడు. గుండె డోళ్ళ కన్నా గట్టిగా మోగుతోంది. అయినా నోటికి వచ్చింది మాత్రం అసూయే.

"యువరాజుది కాకున్నా, ఎలీషాదైతే అసలైన ఎడమ చెయ్యే. నీకు కావలసిందే కదా."

"ఎలీషాది ఎడమ చెయ్యా?"

ఆషర్ బిత్తరపోయాడు. "గిటార్ చూడలేదా? ప్రతి ఆదివారం కన్నార్పకుండ చూస్తవు కదా!"

"రెండో చరణంల ఎప్పుడు తప్పు వాయిస్తడు. ఇయ్యాలన్న సరిగ్గ వాయిస్తడా అని చూస్త. చెయ్యెవడు చూసిండు?" ఆమె అతని వైపు తిరిగింది. "ఒక నిమిషం. ఆంటీల మీద టీలు పోసుడు, సంచిల నోట్లేసుడు... గదంతా అందుకా?"

అతడు సాయం కోసం వాన వైపు చూశాడు. వాన అతని తరఫున మాట్లాడలేదు. తలాడించాడు.

షెకీనా నవ్వబోయి, నవ్వలేదు. "తెర మీద ఎడమ చెయ్యే లేదంట. మరి ఇన్నేండ్ల సంది నేను గుర్తు పెట్టుకున్నది ఎవని చెయ్యి ఆషర్? ఆ తాడు ఏ చేత్తోని పడుతుంటివి?"

అతడు గుర్తు తెచ్చుకున్నాడు. ఎడమ చేత్తో. కుడి చెయ్యి ఎప్పుడూ ఆమె వైపే చాచి ఉండేది. ఆమె దాంట్లో ఉడకబెట్టిన పల్లీలు పోసేది.

"నువ్వు దోమలకు భయపడి అమ్మ దగ్గరికి పోతవేమోనని," అన్నాడతడు, "ప్రతిసారి భయమయ్యేది. ఇప్పుడు సుత అదే భయం. పోకు షెకీనా."

"పోయేదైతే గప్పుడే పోతుండె, బుద్ధూ," అంటూ ఆమె అతని కుడి చెయ్యి పట్టుకుంది.

పాప్‌కార్న్ పొట్లాలతో వస్తున్న ఎలీషా దూరం నుంచే ఆ దృశ్యం చూశాడు, ఆగాడు, తల గోక్కున్నాడు. "మా ఇంట్ల నేను చెప్పుకుంటలే," అన్నాడు, పెద్దమనిషి తరహాలో. పోతూ పోతూ, "రెండో చరణం నిజంగ తప్పుతున్ననా?" అని అడిగి పోయాడు.

ఆ వెనకే జ్ఞానమణి టీ కప్పు తెచ్చింది. ఆషర్ ఎడమ చెయ్యి చాపాడు.

"మళ్ళ గదే చెయ్యి! ఎన్నిసార్లు చెప్పాల్రా?"

"కుడి చెయ్యి ఖాళీ లేదాంటీ."

జ్ఞానమణి కిందికి చూసింది. కూతురి మొహం చూసింది. కోటగోడలో ఏదో ఒక రాయి కదిలింది.

"అయితే ఎడమ చేత్తోనే తాగు," అంటూ కప్పు అందించింది. "నా చీర మీద మాత్రం పొయ్యకు."