స్కార్‌బెక్ చేతుల గోడ

మా స్కార్‌బెక్ స్కూల్లో చదివి గొప్పవాళ్ళైనవాళ్ళకి విగ్రహాలుండవు. ఫొటోలుండవు. కుడిచెయ్యి ఒక్కటే ఉంటుంది. కంచుతో పోతపోసి, చర్చి హాలుకెళ్ళే నడవాలో నల్లటి ఓక్ చెక్క గోడకి బిగిస్తారు. షేక్‌హ్యాండ్‌కి చాపినట్టు మణికట్టు దగ్గర్నుంచి బయటికొచ్చి ఉంటాయి. వందల ఏళ్ళ స్కూలు కదా, గోడ దాదాపు నిండిపోయింది.

చేరిన మొదటిరోజు కొత్తపిల్లలంతా వరసగా నడుస్తూ ఆ చేతులన్నిటికీ షేక్‌హ్యాండ్ ఇవ్వాలి. నేనూ ఇచ్చాను, పదకొండేళ్ళప్పుడు. తర్వాత అలవాటైపోతుంది. పరీక్షల ముందు అందరూ రుద్దీ రుద్దీ బిషప్పుగారి చెయ్యి బంగారంలా మెరుస్తుంటుంది. అడ్మిరల్‌గారి బొటనవేలు అరిగి సగమే మిగిలింది. నవలలు రాసిన ఒకాయన అరచేతిలో ఎప్పుడు చూసినా ఎవడో నమిలేసిన చూయింగ్ గమ్ ఉంటుంది.

నడవా మధ్యలో ఒక్కచోట మాత్రం చెయ్యి లేదు. నాలుగు మేకుల కన్నాలున్నాయంతే. అక్కడికి రాగానే పిల్లలందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని దాటతారు. ఎవరూ నేర్పరు. ముందువాణ్ణి చూసి వెనకవాడు నేర్చుకుంటాడు.

అది కెప్టెన్ లోమ్ చెయ్యి ఉన్న చోటు. దక్షిణ ధ్రువానికి వెళ్ళొచ్చిన మనిషి. అక్కడ మంచు పగిలి, ఇదే స్కూల్లో ఇతనితోపాటు చదివిన పిక్ అనే స్నేహితుడు లోయంత చీలికలోకి జారాడు. లోమ్ చెయ్యందుకున్నాడు. గంటసేపు పట్టుకున్నాననీ, 'నన్నొదిలేసి నువ్వు బతుకు' అని పిక్కే బతిమాలాడనీ తిరిగొచ్చి చెప్పాడు. దేశమంతా ఏడ్చింది. స్కూలు అతని చెయ్యి గోడకి పెట్టింది. చాలా ఏళ్ళకి, వాళ్ళ వెంట వెళ్ళిన ఓడ మనిషి ఒకడు చచ్చిపోతూ వేరే మాట చెప్పాడు. పిక్ అలా అనలేదట. వదలొద్దు వదలొద్దని అరిచాడట. లోమ్ వెంటనే వదిలేశాడట. చెయ్యి పీకేశారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న డిసెంబరులో ఆ గోడకి మా అక్క చెయ్యి పెట్టాలనుకున్నారు.

అక్క పేరు హెస్టర్. పియానో వాయిస్తుంది. స్కార్‌బెక్ గోడ మీద మొదటి ఆడమనిషి చెయ్యి తనదే అయ్యుండేది. మధ్యలో రెండేళ్ళు మణికట్టు నొప్పితో ఒక్క కచేరీ కూడా చెయ్యలేక ఇంట్లో కూర్చుంది. అప్పట్నుంచీ ఆ చేతిని పసిపిల్లలా చూసుకుంటుంది. జామ్ సీసా మూత కూడా నాచేతే తీయించుకుంటుంది. జనవరిలో లండన్లో, ఆ రెండేళ్ళ తర్వాత తన మొదటి పెద్ద కచేరీ. ఇది పోతే ఇంక ఎవరూ పిలవరని తనకీ తెలుసు, నాకూ తెలుసు.

నేను డిగ్రీ అయ్యాక వేరే ఎక్కడా దొరక్క, అదే స్కూల్లో పాత విద్యార్థుల ఆఫీసులో ఒక్క ఏడాది ఉద్యోగంలో చేరాను. భోజనాల్లో ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో చూసుకోవడం నా పని. పాత విద్యార్థులంతా కలిసే స్థాపకుల దినాన అక్క పియానో వాయించాలి. ముందురోజు తనని స్టేషన్నుంచి తీసుకొచ్చింది నేనే. నాలుగింటికే చీకటి పడింది. నడవాలో మైనం వాసన, తడి కోట్ల వాసన, వంటింట్లోంచి ఉడికిన క్యాబేజీ వాసన. పిల్లలందరూ సెలవులకి వెళ్ళిపోయారు. మా బూట్ల చప్పుడే మాకు తిరిగొస్తోంది.

గోడ మీదకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు అందరికీ చెయ్యివ్వాలి. పక్కపక్కన ఉండాల్సినవాళ్ళు కదా.

"ఒరేయ్ రూఫస్, ఇంతమంది ముసలాళ్ళకి చెయ్యిచ్చి నా వేళ్ళు గడ్డకట్టాయి. రేపు నా బదులు నువ్వే వాయించు."

"నేను వాయిస్తే అమ్మ తన కొత్త టోపీ తీసి నా మీదకి విసురుతుంది."

"ఆ టోపీ చూశావా? చచ్చిన నెమలిలా ఉంది. చెప్పకు."

నవ్వుకుంటూ కన్నాల దగ్గరికొచ్చాం. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళిపోయింది. అక్క ఆగింది.

"పదక్కా. చెయ్యి జేబులో పెట్టుకో."

"ఇరవై రెండేళ్ళొచ్చాయిరా నీకు. ఇంకా భయమేనా? అందరికీ ఇచ్చి ఒక్కడికి ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?"

నేను వద్దనేలోపే ఖాళీ గాల్లోకి చెయ్యి చాపి, మర్యాదగా పైకీ కిందకీ ఊపింది. "ఎలా ఉన్నారు కెప్టెన్‌గారూ?"

ఏమీ కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని లంగాకి తుడుచుకుంది. "ఇక్కడేంటి, తడిగా ఉంది?"

గోడ నెమ్మెక్కిందేమో అన్నాను.

గోడకి పెట్టే చేతికి అచ్చు తీసేది డ్రాయింగ్ టీచర్ కర్కప్ మేడమ్. మాకిద్దరికీ చదువు చెప్పిన మనిషి. పొట్టిగా, ఎప్పుడూ చేతుల నిండా రంగులతో ఉంటుంది. పళ్ళ డాక్టర్లు అచ్చు తీయడానికి వాడే గులాబీరంగు పొడి నీళ్ళలో కలిపి, పొడుగాటి ప్లాస్టిక్ బకెట్లో పోసి ఉంచింది. గదంతా పుదీనా వాసన. బకెట్ నా మోకాలంత ఎత్తుంటుంది.

"ఏమ్మా హెస్టర్, చిన్నప్పుడు బంకమట్టి ముట్టుకోమంటే ఏడ్చేదానివి. ఇవాళ ఏడవ్వుగా?"

"అప్పుడు మీరు తిట్టేవారు మేడమ్."

"ఇప్పుడూ తిడతాను. కదిలితే అచ్చు పాడైపోతుంది. అది గట్టిపడేదాకా రాయిలా కూర్చో."

అక్క కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, మణికట్టు దాటేదాకా ముద్దలో ముంచింది. చల్లగా ఉందని మూతి ముడిచింది. నేను ఫోన్‌తో ఫొటో తీశాను. ఆ ఫొటోలో నవ్వుతోంది.

తర్వాత నవ్వు ఆగిపోయింది.

"రూఫస్. అడుగున ఏం పెట్టారు?"

"అడుగునా? ఏమీ లేదు."

"ఏదో తగుల్తోంది."

"గడ్డలు కట్టుంటుందమ్మా, సరిగ్గా కలవలేదేమో" అంది మేడమ్, పనిబల్ల తుడుస్తూ.

అక్క మొహంలో రంగు లేదు. చాలా మెల్లగా అంది.

"గడ్డ కాదు. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు."

మేడమ్ నవ్వింది. నేనూ నవ్వబోయాను. అప్పుడే అక్క కుడిభుజం కిందకి జారింది. ఎవరో లాగితే జారినట్టు. కుర్చీ కాలు నేల మీద కీచుమంది.

ముద్ద ఇప్పుడు మోచేతి దాకా వచ్చింది.

"తియ్యక్కా. చెయ్యి బయటికి తియ్యి."

"రావట్లేదు..."

మళ్ళీ జారింది. మోచెయ్యి మునిగింది. భుజం బకెట్ అంచుకి ఆనింది. నేను బకెట్ వంక చూశాను. అక్క చెయ్యి వంక చూశాను. అంత చెయ్యి పట్టడానికి ఆ బకెట్లో చోటు లేదు. అడుగు నేల మీదే ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.

లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. కిటికీ మూసే ఉంది. కానీ పుదీనా వాసన పోయింది. తడిసిన ఉన్ని వాసన వచ్చింది... కాలిన కొవ్వు వాసన... ఆ వెనక ఏ వాసనా లేని చలి. బకెట్లోంచి గాలి చప్పుడు. చాలా లోతునుంచి, చాలా ఖాళీలోంచి వచ్చే చప్పుడు.

నేను అక్క నడుం పట్టుకుని వెనక్కి లాగాను. మేడమ్ కూడా వచ్చి పట్టుకుంది. ఇద్దరం లాగుతున్నా ఒక మనిషి బరువు అటుపక్క వేలాడుతున్నట్టే ఉంది.

"వదిలెయ్! వేళ్ళు తెరువు!" అని అరిచాను.

అక్క తల బకెట్ మీదకి వంచి వింటోంది.

"హెస్టర్! వేళ్ళు తెరవగలవా?" అంది మేడమ్.

"తెరవగలను" అంది అక్క. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "తెరిస్తే పడిపోతాడు."

"ఎవరు?"

"అరుస్తున్నాడురా... వినపడట్లేదా నీకు?"

నాకు గాలే వినపడింది. అక్క మణికట్టు ఆ బరువుకి ఎంతసేపు ఆగుతుందా అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది. ఆ చెయ్యి విరిగితే ఇంక ఏమీ లేదు. మేడమ్ పట్టు వదిలి బల్ల మీద కత్తి అందుకుంది. బకెట్‌ని పైనుంచి కిందదాకా ఒక్క కోత కోసింది. గులాబీ ముద్ద ముక్కలు ముక్కలుగా నేల మీద పడింది.

అక్కా నేనూ వెనక్కి పడ్డాం.

చెయ్యి వచ్చింది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. పిడికిలి బిగించి ఉంది. గదిలో మళ్ళీ పుదీనా వాసన.

మేడమ్ టీ పెట్టింది. అక్క ఎడమచేత్తో తాగింది.

మర్నాడు తను వాయించింది కూడా. అమ్మ నెమలి టోపీ పెట్టుకుని మొదటి వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. బాగానే వాయించిందన్నారందరూ. నేను పక్కన నిలబడి స్వరాల కాగితాలు తిప్పుతున్నాను కాబట్టి చూశాను. కుడిచెయ్యి ఒక్కో స్వరం దగ్గరా రవ్వంత ఆలస్యంగా పైకి లేస్తోంది. ఏదో మోస్తూ వాయిస్తున్నట్టు.

భోజనాలయ్యాక కర్కప్ మేడమ్ నన్ను తన గదికి పిలిచి తలుపేసింది. ముందురోజు మేం వెళ్ళాక ఏం చెయ్యాలో తోచక, ఆ ముద్ద ముక్కల్ని దారంతో కట్టి, లోపల ప్లాస్టర్ పోసిందట. చేతులు ఊరికే ఉండలేకపోయాయి అంది. తువ్వాలు విప్పి చూపించింది.

అక్క చెయ్యి ఉంది. పియానో వాయించే ఆ పొడుగాటి వేళ్ళు నాకు తెలుసు. అవి ఇంకో మణికట్టుని పట్టుకుని ఉన్నాయి. ఆ ఇంకో చేతి వేళ్ళు అక్క మణికట్టుని పట్టుకుని ఉన్నాయి. షేక్‌హ్యాండ్ కాదది. ఎదురుగా నిలబడ్డవాడు ఇచ్చే చెయ్యి కాదు. కిందనుంచి వచ్చిన చెయ్యి. ఉన్ని గ్లవ్ అల్లిక ఒక్కో పోగూ తెలుస్తోంది. ఒక వేలి దగ్గర గ్లవ్ చిరిగి, గోరు బయటికొచ్చి, అక్క చర్మంలోకి దిగబడి ఉంది.

"ఇది లోమ్ కాదు రూఫస్" అంది మేడమ్ గొంతు తగ్గించి. "ఇది పడిపోయినవాడు."

అచ్చు సరిగ్గా రాలేదనీ, వేసవిలో మళ్ళీ తీద్దామనీ ప్రిన్సిపాల్‌కి చెప్పింది. వేసవికి తను ఇక్కడ ఉండనని నాకు చెప్పింది.

ఇప్పుడు జనవరి. శుక్రవారం కచేరీ. నేను సెలవు పెట్టి లండన్లో అక్క ఫ్లాట్‌లో ఉంటున్నాను. డాక్టర్లు ఎక్స్‌రేలు తీశారు. ఎముక బాగుంది, నరాలు బాగున్నాయి, ఒత్తిడి తగ్గించుకోమన్నారు. పగలు నాలుగైదు గంటలు సాధన చేస్తుంది. మిగతా టైమంతా ఆ చెయ్యి పక్కకి వేలాడుతూ ఉంటుంది, పిడికిలి బిగించి. పడుకున్నా అంతే. మంచం పక్కనుంచి నేలవైపు.

మొన్న తను నిద్రపోతుంటే నేనే ఆ వేళ్ళు విప్పుదామని చూశాను. తప్పేముంది? నా అక్క చెయ్యి అది. చిటికెన వేలు తీశాను. ఉంగరం వేలు తీశాను. మంచం కింద చీకట్లోంచి గాలి తగిలింది నా మొహానికి. మధ్యవేలు మీద చెయ్యి వేశానో లేదో, అక్క లేచి ఎడమచేత్తో నా చెంప పగలగొట్టింది.

"నువ్వూ లోమ్ లాంటోడివేరా" అంది.

మళ్ళీ పడుకుంది. వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి.

ఇవాళ సాయంత్రం కచేరీకి కుట్టించుకున్న నల్లగౌను వేసి చూసుకుంది. ఎడమచేతి అంచు మణికట్టు మీద సరిగ్గా కూర్చుంది. కుడిచేతి అంచు చాలా పైన ఆగిపోయింది. నా చెయ్యి అడ్డంగా పెట్టినంత ఖాళీ. దర్జీ తప్పు కుట్టిందన్నాను. అక్క అద్దంలో నావంక చూసి, రెండు చేతులూ పక్కకి వదిలి నిలబడింది. కుడిచేతి వేళ్ళు దాదాపు మోకాలి దగ్గరున్నాయి.

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. కాళ్ళు పట్టుకున్నాను. "వదిలెయ్యక్కా. ఎవడో వందేళ్ళ కింద చచ్చినవాడు. శుక్రవారం దాకా కూడా ఆగదు నీ చెయ్యి. వదిలెయ్."

మొదటిసారి తన మొహంలో భయం చూశాను. బకెట్ దగ్గర కూడా అంత భయం లేదు.

"నిన్న వదిలెయ్యాలనే అనుకున్నానురా" అని గుసగుసగా అంది. "పొద్దుట్నుంచి బరువు ఎక్కువైంది. ఇప్పుడతను కిందకి చూసి అరుస్తున్నాడు."

"ఎందుకు?"

"అతని కాళ్ళు పట్టుకుని... ఇంకేదో పైకి ఎక్కుతోంది."